నూరు వరుసలు, ఒక వాచ్‌మన్

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఇందులో జరిగిన తప్పంతా ఆ కోపం చేసిందే. ఆ కోపం మా తాత నుంచి వచ్చిందని ఇంట్లో అందరూ అనేవాళ్ళు. తాత మాత్రం అవ్వ నుంచి వచ్చిందనేవాడు, అదీ అవ్వ పక్కన లేనప్పుడు.

తొంభైల నడిమి సంవత్సరాలవి. మరాఠీవాళ్ళ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళుండే భవాని పేట్‌లో మా ఇల్లూ, కారఖానా ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. అటు పన్నెండు పవర్‌లూమ్‌లు, ఇటు మేము. ఆ మోతలో పుట్టి పెరిగాం కాబట్టి మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఒకసారి నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు, నేను ఉప్మా పెట్టమంటారా అని అడిగితే కొట్లాటకు దిగాననుకుని చాయ్ సగంలో వదిలేసి లేచారు. మంచిదే అయింది, ఆ పిల్లగాని గొంతు మా ఇంట్లో ఎవరికీ వినబడేది కాదు.

నా పని చద్దర్లకు నక్షాలు గీయడం. గళ్ళ కాగితం మీద గులాబీలూ, నెమళ్ళూ ఒక్కో గడీ రంగుతో నింపుతూ పోవాలి. ఒక నెమలికి పది రోజులు పట్టేది. అలాంటిది ఒక రోజు మా బాపు ఆటోలో కంప్యూటర్ తెచ్చి దింపాడు. పదిరోజుల పని ఒక్క రోజులో చేస్తుందట. మరి నేనేం చెయ్యాలి అని అడిగితే, దాన్ని నువ్వే నడపాలి అన్నాడు. సగం కోపం అక్కడే పోయింది. కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ డబ్బా కూడా కొనాలని అమ్మినవాళ్ళు చెప్పారట. అది తర్వాత చూద్దాం అన్నాడు బాపు. మా ఇంట్లో 'తర్వాత చూద్దాం' అంటే ఆ వస్తువు రాదని అర్థం.

హోట్గి రోడ్ వైపు కాలనీలో ఉండే ఒక మరాఠీ అబ్బాయి వారానికి ఒకసారి వచ్చి నాకు పని నేర్పేవాడు. మేం అతన్ని కంప్యూటర్ భావు, అంటే కంప్యూటర్ అన్న, అనేవాళ్ళం. భావు వచ్చిన మొదటి రోజే తన ఫ్లాపీ డబ్బాలోంచి ఒక ఆట తీసి ఎక్కించాడు, మీటల మీద వేళ్ళు అలవాటు కావాలంటే ఇదే మందన్నాడు. పై నుంచి ఇటుకలు పడుతుంటాయి. అటూ ఇటూ జరిపి, తిప్పి, సందు లేకుండా పేర్చాలి. ఒక వరుస నిండితే మాయమవుతుంది. పేర్చింది పైకప్పుకు తగిలితే ఆట అయిపోయింది. రెండు వారాల్లో నేను డెబ్బై వరుసల దాకా వెళ్ళాను. నక్షాలు మాత్రం రెండున్నర అయ్యాయి.

ఆ తర్వాత వైరస్ వచ్చింది. ఎవరి ఫ్లాపీలోంచి వచ్చిందో గానీ, గీసిన గులాబీ ఫైల్ తెరిస్తే అందులో గులాబీ లేదు, చుక్కలూ గీతలూ. అవ్వకు ఈ సంగతి తెలిసి, తాను బీడీలు చుట్టే చాట ఎత్తుకుని ఇంటి అవతలి మూలకు వెళ్ళి కూర్చుంది. తంబాకుకు అంటుకుంటే బీడీ కారఖానావాళ్ళు బీడీలు వాపసు చేస్తారని ఆమె భయం. భావు వచ్చి ఆ పురుగును తీసేసి, కంప్యూటర్‌లో ఒక కాపలా ప్రోగ్రాం పెట్టాడు. అది కంప్యూటర్‌ను నడిపించే డాస్‌తో పాటే వచ్చిందట, ఇన్నాళ్ళూ నిద్రపుచ్చి ఉందట. దాన్ని లేపాడు. ఇక నుంచి ఏ ఫైల్ కదిలినా అది ఆపి, నువ్వెవరు, ఎక్కడికి అని అడిగి, మంచివాడివైతేనే పంపుతుంది. తాత దానికి అప్పటికప్పుడు వాచ్‌మన్ అని పేరు పెట్టాడు.

ఆ వాచ్‌మన్ వచ్చిన రోజు నుంచి నా ఆట పాడైంది. భావు చెప్పిందాని ప్రకారం, ఆ ఆట రాసినవాడెవడో గానీ ఇటుక ఒక్క అడుగు దిగినప్పుడల్లా డిస్కు దగ్గరికి పరుగెత్తేలా రాశాడు. పరుగెత్తినప్పుడల్లా వాచ్‌మన్ పట్టుకుంటాడు. దాంతో ఇటుక మెట్టు మెట్టుకూ ఆగి, ఆలోచించి, దిగేది. నా వేళ్ళు ముందు వెళ్ళిపోయేవి, ఇటుక వెనక వచ్చేది. కదల్లేదని ఇంకో రెండుసార్లు నొక్కితే నాలుగు గడులు జరిగేది. డెబ్బై నుంచి నలభైకి పడిపోయాను. నేను మీటల మీద గుద్దితే అవ్వ, అది తెచ్చిన మీ బాపును గుద్దు, దాన్నెందుకు గుద్దుతవు అనేది.

సరిగ్గా అప్పుడే తాత ఆట మొదలుపెట్టాడు.

తాత గురించి చెప్పాలి. యాభై ఏళ్ళు చేతి మగ్గం మీద కూర్చున్న మనిషి. రెండేళ్ళ కింద కుడి చెయ్యి వణకడం మొదలైంది. చాయ్ కప్పు సాసర్‌లో గలగలమనేది. డాక్టర్ మగ్గం వద్దన్నాడు. వెనక గదిలో తాత మగ్గం సగం నేసిన చద్దరుతో అలాగే ఆగిపోయింది. తాత రోజూ పొద్దున దాన్ని తుడిచి, ఒక దండం పెట్టి వచ్చేవాడు. ఎక్కి కూర్చునేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం నా వెనక నిలబడి ఆట చూసి, సందు వదలకు సందు వదలకు అని నస మొదలుపెట్టాడు. నేను చిరాకెత్తి, అంత తెలిస్తే నువ్వే ఆడు అని కుర్చీలోంచి లేచాను. కూర్చున్నాడు. మొదటి రోజు ఇరవై వరుసలు. మొదటి వరుస నిండి మాయం కాగానే ఆయనకు ఒళ్ళు మండింది. నిండిన వరుస మాయమైతే ఇక నేసినవాడికి మిగిలిందేంటని నన్ను నిలదీశాడు. వారం తిరిగేసరికి అరవై. తర్వాత తొంభై. నలుచదరం ఇటుకకు బర్ఫీ అని, పొడుగు దానికి బీడీ అని, ఏ సందులోనూ ఇమడని వంకర ఇటుకకు మా మేనత్త అని పేర్లు పెట్టాడు. "బీడీ రావాలె, బీడీ రావాలె" అని ఆయన అరుస్తుంటే అవ్వ లోపలి నుంచి, ఇప్పుడే చుట్టిన, తాగుతవా అని అడిగేది. ఒక రోజు నూటపన్నెండు వరుసలు పేర్చి లేచి నిలబడ్డాడు. తన కుడిచెయ్యి నా మొహం ముందు పెట్టి చూడమన్నాడు. అది వణుకుతూనే ఉంది. ఆయనకు కనబడలేదు, నాకు చెప్పబుద్ధి కాలేదు.

ఇంతలో ఇంకో గొడవ. కంప్యూటర్ ఉన్న ముందు గది కారఖానా తలుపు పక్కనే. దూది నుసి గాల్లో తేలుతూ వచ్చి కంప్యూటర్ లోపల చేరేది. భావు ఒకసారి మూత విప్పితే లోపల ఒక దిండుకు సరిపడా దూది ఉంది. ఇలాగైతే ఏడాది కూడా నడవదన్నాడు. నుసి రాని గది మా ఇంట్లో ఒకటే, తాత మగ్గం ఉన్న వెనక గది. బాపు ఆ రాత్రి అన్నం దగ్గర, ఎవరి మొహమూ చూడకుండా, మగ్గం తీసేద్దామన్నాడు. వడ్రంగిని పిలిచి విప్పించి, కర్ర ఏదైనా పనికి వాడుకుందామన్నాడు.

తాత కంచంలో చెయ్యి ఆపి, "నా చెయ్యి మంచిగైంది. ఆ చద్దరు నేనే నేసి దించుత" అన్నాడు.

బాపు నవ్వలేదు, అదొక్కటీ నాకిప్పటికీ నచ్చిన సంగతి. ఎట్లా మంచిగైందో చూపించమన్నాడు. తాత నా వైపు చూపించి, ఆటలో నూటపన్నెండు పేర్చిన, ఈ పోరిని అడుగు అన్నాడు. బాపు చాలాసేపు పప్పు కలుపుతూ ఉండి, చివరికి ఒప్పుకున్నాడు.

"సరే నాయినా. సుట్టీ నాడు నా కండ్ల ముందట నూరు వరుసలు పేర్చు. పేర్చితే మగ్గం ముట్ట. లేకుంటే వడ్రంగి వస్తడు."

సుట్టీ అంటే కారఖానాకు సెలవు రోజు. దానికి ఇంకా నాలుగు రోజులుంది.

నా తప్పు ఇక్కడ మొదలైంది. అది ఎందుకు చేశానో తెలియాలంటే పవర్‌లూమ్ మీద ఉండే ఒక చిన్న ముల్లు గురించి తెలియాలి. అడ్డంగా పోయే పోగును మేం పేక అంటాం. నేస్తూ ఉండగా పేక తెగితే, ఆ ముల్లు పసిగట్టి మగ్గాన్ని ఆపేస్తుంది. లేకపోతే పోగు లేకుండానే మగ్గం ఉరుకుతూ పోయి గుడ్డలో సందు పడుతుంది. అయితే ఆ ముల్లు ఊరికే కూడా ఆపుతూ ఉంటుంది. మగ్గం ఆగిన ప్రతిసారీ నేసేవాడికి గుడ్డ తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. అందుకని మా పేట్‌లో నేసేవాళ్ళు సగం మంది యజమాని అటు తిరగ్గానే ఆ ముల్లుకు ఒక దారం కట్టేస్తారు. ఇక అది ఆపదు. సాయంత్రానికి నాలుగు టవళ్ళు ఎక్కువ. మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలిసిన సూత్రం ఇది: ఆపేదాన్ని కట్టేస్తే పని ఎక్కువవుతుంది.

వాచ్‌మన్ ఉండగానే తాత నూటపన్నెండు పేర్చాడంటే, వాచ్‌మన్‌ను కట్టేస్తే రెండు వందలు పేరుస్తాడని నేను లెక్క వేశాను. నాకు అడ్డం వచ్చింది ఆయనకూ అడ్డమే కదా! ఆ వాచ్‌మన్ మీద నాకున్న కసి సరేసరి. భావును అడిగాను. కంప్యూటర్ లేవగానే చదువుకునే ఒక ఫైల్ ఉంటుందని, అందులో వాచ్‌మన్ ఉన్న వరుసకు ముందు ఒక చిన్న మాట పెడితే దాన్ని చదవకుండా దాటేస్తుందని చూపించాడు. అది తీసి ఉన్నంతసేపూ బయటి ఫ్లాపీ మాత్రం పెట్టకు అన్నాడు. సుట్టీ రోజు పొద్దున్నే ఆ మాట పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. తాత గెలిచాక చెప్పి గొప్పలు పోదామనుకున్నాను.

తాత తల స్నానం చేసి, ఉతికిన ధోతి కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చాడు. మగ్గం ఎక్కేముందు ఎలా చేసేవాడో అలాగే మీటలను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. బాపు స్టూలు మీద, అవ్వ నేల మీద చాటతో. మూడుసార్లు ఆడవచ్చని బాపు ముందే ఒప్పుకున్నాడు.

మొదటి ఇటుక పడటం నాకు ఇప్పటికీ కనబడుతుంది. దిగలేదు, పడింది. తాత వేలు మీటను చేరేసరికి అది అడుగున ఉంది. రెండోది, మూడోది. తాత నోట బర్ఫీ లేదు, బీడీ లేదు. పదకొండు వరుసలకు ఆట అయిపోయింది. రెండోసారి పద్నాలుగు. మూడోసారి తొమ్మిది.

తాత కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. ఈసారి ఆయనకు కనబడింది. "వడ్రంగిని పిలువురి" అని చెప్పి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. బాపు గెలిచాడు గానీ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. అవ్వ చుట్టిన బీడీలన్నీ వదులై పోయాయి.

అందరూ లేచాక నేను కూర్చుని ఆడాను. ఎనభై రెండు వరుసలు. నా వేళ్ళకు వేగం కావాలి, ఆయన వేళ్ళకు వ్యవధి కావాలి. ఇంత చిన్న సంగతి నాకు ఆ ఎనభై రెండో వరుస దగ్గర అర్థమైంది. ఆ ఇటుక మెట్టు మెట్టుకూ ఆగుతుంటేనే ఆయన చెయ్యి ఒకటికి రెండుసార్లు వణికినా వెనక్కి జరుపుకోగలిగేది. అది తీసేసింది నేను. నాకు నా మీదే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు. రెండు రోజులు చెప్పలేదు. కోపం ఉన్నంత ధైర్యం నాకు ఉండదని అప్పుడే తెలిసింది.

మూడో రోజు పొద్దున వడ్రంగి వచ్చి మా గుమ్మం దగ్గర సంచి దించాడు. అవ్వ అతనికి చాయ్ ఇచ్చింది. వెనక గదిలో తాత మగ్గం పక్కన నిలబడి, సగం చద్దరును కత్తిరించడానికి కత్తెర పట్టుకుని, ఎక్కడ కత్తిరించాలో తెలియక పడుగును, ఆ నిలువు పోగులను, నిమురుతున్నాడు. ఇక ఉండలేకపోయాను. బాపును చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఇద్దరి ముందు చెప్పేశాను. వాచ్‌మన్‌ను కట్టేశానని, ముల్లుకు దారం కట్టినట్టు కట్టేశానని, అందుకే ఆట ఉరికిందని.

బాపు మొహం కందిపోయింది. దారం కట్టినవాళ్ళ మీద కేకలేసి కేకలేసి ఆయన గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. ఇప్పుడు సొంత కూతురు. నేను తిట్లు మొదలు కాకముందే అడిగాను, "దారం కట్టి నేసిన గుడ్డను నువ్వు లెక్కకు తీస్కుంటవా బాపు?"

తీసుకోడు. పేట్ అంతా తెలుసు. సందు ఉన్నా లేకున్నా, ముల్లుకు దారం కనబడితే ఆ తాను మొత్తం పక్కన పడేస్తాడు. కాసేపు నన్నూ, గుమ్మంలో వడ్రంగినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, న్యాయంగానే, ఒక మాట అన్నాడు. వాచ్‌మన్ ఆపుతుంటేనే ఆడగలుగుతున్నాడంటే చెయ్యి మంచిగైనట్టు కాదు కదా అని.

అది నిజం. జవాబు తాత చెప్పాడు. కత్తెర కింద పెట్టి, మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"మంచిగ కాలేదురా. మొన్ననే చూసిన. కానీ ఉరికేది మీ పవర్‌లూమ్. ఇది చేతి మగ్గం. నా చెయ్యి ఎంతసేపు ఆగితే ఇది అంతసేపు ఆగుతది."

బాపు వడ్రంగిని ఆ రోజుకు పొమ్మని, నూరు వరుసలు మళ్ళీ పేర్చమన్నాడు. వచ్చినందుకు వంటింటి పీట కాలు ఒకటి బాగు చేయించుకుని మరీ పంపింది అవ్వ. ఆ పెట్టిన మాటను నేను తీసేసి కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ లేపాను, వాచ్‌మన్ తెర మీదికి వచ్చి ఏదో ఫైల్ మారినట్టుంది, ముందుకు పోవాలా ఆపాలా అని అడిగాడు. ఏమంటున్నాడని తాత అడిగితే చెప్పాను. "పోనీయుమను, మనింటి మనిషే" అన్నాడు.

ఆట మొదలైంది. పక్కన కారఖానా పూర్తి మోతలో ఉంది. ఇటుకలు మెట్టు మెట్టుకూ ఆగి దిగుతున్నాయి. ఇరవై దగ్గర మేనత్త వచ్చి ఇరుక్కుంది. నలభైకి తాత మాటలు మొదలయ్యాయి. అరవై దగ్గర బీడీ వచ్చింది, నాలుగు వరుసలు ఒక్కసారి పోయాయి, అవ్వ చాట మీద దరువేసింది. ఎనభై దాటాక బాపు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. తొంభై దగ్గర ఎడమకు, నాయినా, ఎడమకు అని ఆయనే అరవడం మొదలుపెట్టాడు. ఓడితే మగ్గం పోయేది ఎవరి మాట మీదో మర్చిపోయినట్టున్నాడు. తొంభై ఐదు. తొంభై ఆరు. తొంభై ఏడు.

కరెంటు పోయింది.

తెర నల్లబడింది. గోడ అవతల పన్నెండు మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. తర్వాత పక్క కారఖానా, ఆ పక్కది, మొత్తం వీధి. అంత నిశ్శబ్దంలో మేం నలుగురం నల్లటి అద్దం ముందు కూర్చుని ఉన్నాం. ఆ బ్యాటరీ డబ్బా తర్వాత చూద్దామన్నది ఎవరో మా అందరికీ గుర్తుంది, బాపుకు ఎక్కువగా గుర్తుంది. నాకు ఏడుపొచ్చింది.

తాత లేచాడు. ఇంకా ఎన్ని అని నన్ను అడిగాడు. మూడు అన్నాను. తల ఊపి వెనక గదిలోకి నడిచాడు. మేం వెనకే వెళ్ళాం. ఆయన మగ్గం తాకి కళ్ళకద్దుకుని, పట్టె మీదికి ఎక్కి కూర్చున్నాడు. రెండేళ్ళ తర్వాత. పేకను మోసుకుపోయే నాడెలో ఉన్న పాత దారపు కండెను ఊది దుమ్ము పోగొట్టాడు. కాలు తొక్కాడు. పడుగు విచ్చుకుంది. కుడిచెయ్యి తాడు పట్టుకుని వణికింది. కాసేపు వణికింది. మగ్గం ఆగింది, ఆయన కోసం. చెయ్యి నిమ్మళించాక తాడు లాగాడు. నాడె ఇటు నుంచి అటు పోయింది, పేక పడింది, దాన్ని బిగించే దెబ్బ పడింది. కారఖానాలన్నీ ఆగిన ఆ వీధిలో ఆ ఒక్క చప్పుడు. వీధిలో ఎవరో "ఎవరిది రా మగ్గం నడుస్తున్నది" అని అడగడం వినబడింది.

"తొంభై ఎనిమిది" అన్నాడు తాత.

మళ్ళీ వణుకు, మళ్ళీ ఆగడం, మళ్ళీ దెబ్బ. తొంభై తొమ్మిది. మూడోదానికి చాలాసేపు పట్టింది. మేం ఎవరం తొందరపెట్టలేదు. దెబ్బ పడ్డాక ఆయన నూరు అనలేదు. బాపు అన్నాడు. అని, చద్దరు మీదికి వంగి, ఆ మూడు పోగుల మీద వేలు పెట్టి చూసి, సందు లేదు అన్నాడు.

"ఇవి మాయం గావు" అన్నాడు తాత.

కంప్యూటర్ ముందు గదిలోనే ఉండిపోయింది. దానికి అవ్వ తన పాత చీరతో ఒక ముసుగు కుట్టింది. వారానికోసారి మూత విప్పి దూది తీసేది కూడా ఆమే. చద్దరు దిగడానికి తాతకు ఏడు నెలలు పట్టింది.